బీఫార్మసీ తర్వాత అమెరికాలో పీఏ (ఫిజీషియన్ అసిస్టెంట్) సీటు: నా అనుభవం

మన దగ్గర నాలుగేళ్ల బీఫార్మసీ చేసి అమెరికా వచ్చినవాళ్లకి ఇక్కడ ఒక తేదీ అడ్డం పడుతుంది. 2003 జనవరి 1 నుంచి డిగ్రీ పూర్తిచేసిన విదేశీ ఫార్మసిస్టులు ఎఫ్‌పీజీఈఈ పరీక్ష రాయాలంటే వాళ్లు చదివిన కోర్సు ఐదేళ్లదై ఉండాలి. ఆ పరీక్ష దాటకుండా లైసెన్సు వైపు అడుగు పడదు. నేను గుంటూరులో చదివింది నాలుగేళ్లే. చదువయ్యాక అక్కడే ఒక ఆసుపత్రి ఫార్మసీలో పనిచేశాను. వార్డుల నుంచి వచ్చే చీటీలు చూసి, ఏ మందు ఏ మందుతో పడదో, కిడ్నీలు సరిగా లేనివాళ్లకి డోసు ఎంత తగ్గించాలో డాక్టర్లకి ఫోన్ చేసి మాట్లాడటం నా రోజువారీ పని. పెళ్లయ్యాక నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్‌కి వచ్చి, కొన్నాళ్లు బాబు పెంపకంలో ఉన్నాను. మళ్లీ పనిలోకి వెళ్దామని చూసేసరికి ఈ ఐదేళ్ల నిబంధన ఎదురైంది. ఇక్కడ ఫార్మసిస్టు కావాలంటే నాలుగేళ్ల ఫార్మ్‌డీ మొదటినుంచి చదవాలి.

మా చుట్టుపక్కల తెలుగువాళ్లలో ఎక్కువమంది ఐటీ వాళ్లే. "టెస్టింగ్ నేర్చుకో అక్కా, తొందరగా ఉద్యోగం వస్తుంది" అని ప్రేమగా చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల సలహా మంచిదే. కానీ నా మనసు పేషెంట్ల దగ్గరే ఉండిపోయింది.

ఒకసారి బాబుకి చెవినొప్పి వస్తే అర్జెంట్ కేర్‌కి తీసుకెళ్లాం. చెవి చూసినావిడ, యాంటీబయాటిక్ ఇప్పుడే ఎందుకు రాయడం లేదో, ఎన్ని రోజుల్లో తగ్గకపోతే మళ్లీ తీసుకురావాలో మా పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పారు. డాక్టరనే అనుకున్నాను. బ్యాడ్జి మీద చూస్తే పీఏ అని ఉంది. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. ఫిజీషియన్ అసిస్టెంట్లు పేషెంట్‌ని పరీక్షిస్తారు, జబ్బేమిటో నిర్ధారిస్తారు, మందులు రాస్తారు, ఆపరేషన్లలో సర్జన్‌కి సాయంగా నిలబడతారు. అన్ని రాష్ట్రాల్లోనూ వాళ్లకి మందులు రాసే అధికారం ఉంది. డాక్టర్లతో కలిసి, ఒక బృందంలో భాగంగా పనిచేస్తారు. చదువు మాస్టర్స్ స్థాయిలో ఉంటుంది, చాలాచోట్ల 27 నెలల దాకా పడుతుంది. అందులో సుమారు మొదటి ఏడాది తరగతి గది, మిగిలినది ఆసుపత్రుల్లో రొటేషన్లు, అంటే ఒక్కో విభాగంలో కొన్నాళ్లు శిక్షణ.

ఇంకా చదివితే ఈ వృత్తి పుట్టింది మా పక్క ఊరు డర్హమ్‌లోనే అని తెలిసింది. 1965లో డ్యూక్ యూనివర్సిటీలో డాక్టర్ యూజీన్ స్టెడ్ తొలి పీఏ తరగతి మొదలుపెట్టారు. ఆ తరగతిలో చేరిన నలుగురూ అమెరికా నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చినవాళ్లే. డాక్టర్ల కొరత ఉన్న కాలం అది. గాయపడినవాళ్లని చూసుకోవడంలో చేయి తిరిగినవాళ్లు బయట తగిన ఉద్యోగం లేకుండా ఉండిపోతున్నారని ఆయన గమనించారు. 1967 అక్టోబరు 6న ముగ్గురు తొలి పట్టభద్రులయ్యారు. ఈ కథ ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, ఈ రోజుకీ పీఏ స్కూళ్లు మార్కులతో పాటు "నువ్వు పేషెంట్ పక్కన ఎన్ని గంటలు ఉన్నావు?" అని అడగడానికి మూలం అక్కడే ఉంది. మన చదువుల్లో ఎంట్రన్స్ ర్యాంకు వస్తే చాలు, మిగతాది లోపలికి వెళ్లాక నేర్పిస్తారు. ఇక్కడ ఆ గంటలు లేకపోతే ఎంత మంచి జీపీఏ ఉన్నా చాలా స్కూళ్లు అప్లికేషన్ తెరిచి చూడవు.

ముందు కాగితాల పని. నా బీఫార్మసీ ఇక్కడి బ్యాచిలర్ డిగ్రీతో సమానమని చూపించడానికి వెస్ సంస్థ ద్వారా ఒక్కో సబ్జెక్టు వారీగా మూల్యాంకనం చేయించాలి. దానికి మన యూనివర్సిటీ మార్కుల జాబితాలని తానే సీలు వేసిన కవరులో పంపాలి, మన చేతికిచ్చినవి చెల్లవు. నాన్న గుంటూరు నుంచి వెళ్లి, ఫీజు కట్టి, సెక్షన్‌లో కూర్చున్నాయనకి వెస్ ఫారం చూపించి, కవరు మీద సంతకం ఎక్కడ పడాలో వివరించి వచ్చారు. ఒకసారి వెళ్తే అయ్యే పని కాలేదు. ఇది చదివి ఎవరైనా అప్లై చేయాలనుకుంటే అన్నిటికంటే ముందు ఈ పని మొదలుపెట్టండి, ఎందుకంటే దీని వేగం మన చేతిలో ఉండదు.

డిగ్రీ సరిపోయినంత మాత్రాన ప్రీరిక్విజిట్లు తీరవు. చాలా స్కూళ్లు అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, సైకాలజీ లాంటి కోర్సులు అమెరికా కాలేజీలోనే, ల్యాబుతో సహా చదివి ఉండాలంటాయి. కొన్ని ఐదేళ్లలోపు, కొన్ని పదేళ్లలోపు చదివినవే ఒప్పుకుంటాయి. ఇంకో సంగతి కూడా ఉంది. అన్ని స్కూళ్లకీ కలిపి ఉండే ఉమ్మడి అప్లికేషన్ పేరు క్యాస్పా. అది లెక్కగట్టే జీపీఏలో విదేశాల్లో చదివిన కోర్సులు కలవవు. అంటే గుంటూరులో నాకొచ్చిన ఫస్ట్ క్లాసు ఒక కాగితంగా వెళ్తుందే తప్ప, అంకెగా కనపడేది ఇక్కడ చదివిన కొద్ది కోర్సుల మార్కులే. ఒక్క కోర్సులో సీ గ్రేడు వచ్చినా సగటు బాగా కిందికి పడిపోతుంది. అలా అని భయపడి తేలిక కోర్సులు వెతుక్కోలేదు. వేక్ టెక్ కమ్యూనిటీ కాలేజీలో చేరి బయో 168, బయో 169 చదివాను. ఈ రెండూ కలిపితే అనాటమీ, ఫిజియాలజీ పూర్తవుతాయి. తర్వాత బయో 275, అంటే మైక్రోబయాలజీ. బాబు నిద్రపోయాక చదువు, శనివారం ల్యాబు. మా ఆయన శనివారాలు ఇంటి పని మొత్తం చూసుకునేవారు. గుంటూరులో బట్టీ కొట్టిన ఎముకల పేర్లని ఇక్కడ చేత్తో పట్టుకుని, ఏ గాడిలో ఏ నరం వెళ్తుందో చూసి నేర్చుకోవడం నాకు నిజంగా సంతోషంగా అనిపించింది.

ఇక పేషెంట్ గంటలు. క్యాస్పాలో ఇవి రెండు రకాలు. పేషెంట్ సంరక్షణలో నేరుగా పాల్గొన్న పని ఒకటి, ఆసుపత్రి వాతావరణంలో ఉన్నా పేషెంట్‌ని నేరుగా చూసుకోని పని ఇంకొకటి. నా ఫార్మసీ అనుభవం రెండో రకంలోకి వెళ్లింది. మొదటి రకం లేకుండా సీటు రాదు. కొన్ని స్కూళ్లు 500 గంటలతో సరిపెట్టుకుంటాయి, చాలా స్కూళ్లు 1000 అడుగుతాయి, 2000 అడిగేవీ ఉన్నాయి. అంబులెన్సులో ఈఎంటీగా (అత్యవసర వైద్య సహాయకులుగా), క్లినిక్‌లో మెడికల్ అసిస్టెంట్‌గా, లేదా సీఎన్ఏగా, అంటే నర్సుల కింద పేషెంట్ల రోజువారీ పనులు చూసుకునే సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్‌గా చేసి ఆ గంటలు సంపాదించుకుంటారు. నేను సీఎన్ఏ ఎంచుకున్నాను. కాలేజీలోనే శిక్షణ, తర్వాత రాష్ట్ర పరీక్ష. రాత పరీక్షతో పాటు చేతి పని పరీక్ష కూడా ఉంటుంది. చేతులు కడుక్కోవడం, నాడి లెక్కపెట్టడం, నడుముకి బెల్టు కట్టి మనిషిని మంచం మీంచి కుర్చీలోకి మార్చడం, మంచంలో ఉన్న మనిషికి ఒళ్లు తుడవడం. ప్రతి మెట్టూ పరీక్షకులు చూసి మార్కు వేస్తారు.

పని ఒక నర్సింగ్ హోమ్‌లో దొరికింది. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే సొంతంగా ఉండలేని వృద్ధులు ఏళ్ల తరబడి ఉండే చోటు. ఈ సంగతి ఫోన్లో చెబితే అమ్మ చాలా బాధపడింది. "ఇక్కడ తెల్లకోటు వేసుకుని మందులిచ్చినదానివి, అక్కడికెళ్లి ముసలివాళ్లకి డైపర్లు మారుస్తావటే?" అంది. నేను ఏదో చెప్పబోతుంటే మా అత్తయ్య ఫోన్ తీసుకున్నారు. ఆవిడ అప్పుడు మా దగ్గరే ఉన్నారు. "వదినగారూ, మా అత్తగారిని నేను మంచంలోనే ఏళ్ల తరబడి చూసుకున్నాను, ఆ పనిలో చిన్నతనం ఏముంది?" అన్నారు. ఫోన్ పెట్టేశాక నాతో, "అమ్మాయ్, వీపు కింద పుండ్లు పడకుండా చూసుకో. రెండు గంటలకోసారి పక్కకి తిప్పు. అది తప్పితే మిగతావన్నీ వాటంతటవే కుదురుతాయి" అన్నారు. సీఎన్ఏ పుస్తకంలో బెడ్‌సోర్ల గురించి రాసింది అచ్చంగా అదే. బడి చదువు కూడా పూర్తిచేయని మా అత్తయ్య ఆ మాట అంత కచ్చితంగా చెప్పడం విని ఆవిడ మీద గౌరవం ఇంకా పెరిగింది.

పని కష్టమే. ఉదయం షిఫ్టులో ఒక్కొక్కరినీ లేపి, ముఖం కడిగి, బట్టలు మార్చి, టిఫిన్ దగ్గరికి చేర్చేసరికి నడుం పట్టేసేది. లేవలేనివాళ్లని హోయర్ లిఫ్ట్ అనే యంత్రంతో ఇద్దరం కలిసి ఎత్తేవాళ్లం. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లు కొట్టేవాళ్లు, తిట్టేవాళ్లు, కాసేపటికి చేయి పట్టుకుని వదిలేవాళ్లు కాదు. ఎవరు ఎంత తాగారు, ఎంత తిన్నారు, మూత్రం ఎంత వచ్చింది అన్నీ రాయాలి. ఫార్మసీ కిటికీ వెనక ఉన్నన్నాళ్లూ మందు నాకు ఒక పేరు, ఒక మిల్లీగ్రాము. అది మింగే మనిషి ఎలా మింగుతాడో నేను చూసింది ఇక్కడే.

ఒక పెద్దాయన గురించి రాయాలి. ఆయన్ని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. ఆయన జీవితమంతా పొగాకు పండించిన రైతు. నాది గుంటూరు అని, మా ఊళ్లో టొబాకో బోర్డు ప్రధాన కార్యాలయం ఉందని, మా వైపు కూడా ఆకుని బ్యారన్లలో పెట్టి వేడితో ఆరబెడతారని చెప్పిన రోజునుంచీ ఆయనకి నేనంటే ఇష్టం ఏర్పడింది. రోజూ ఉదయం నన్ను చూడగానే మీ ఊళ్లో ఈ ఏడు ధర ఎలా ఉందని అడిగేవారు. నేను కనుక్కుని చెప్పేదాన్ని. ఒకరోజు అడగలేదు. మర్నాడూ అడగలేదు. టిఫిన్ తినిపిస్తుంటే ముద్ద మింగకుండా బుగ్గలో ఉంచుకుంటున్నారు, నీళ్లు తాగాక గొంతు గరగరమంటోంది. దుప్పటి సర్దుతూ చూస్తే సొరుగులో ఒక నిద్రమాత్రల సీసా ఉంది. ఇంటివాళ్లు బయట షాపులో కొని తెచ్చి ఇచ్చినది. లేబుల్ చూశాను, డైఫెన్‌హైడ్రమైన్. వృద్ధులకి ఇవ్వకపోవడమే మంచిదని అమెరికన్ జీరియాట్రిక్స్ సొసైటీ వాళ్ల బీర్స్ జాబితాలో ఉన్న మందు. మత్తు పెరుగుతుంది, అయోమయం పెరుగుతుంది, మింగడం కూడా మందగించవచ్చు.

నాకు తెలుసు. కానీ అక్కడ నేను సీఎన్ఏని. మందు ఆపమని పెద్దాయనకి చెప్పే అధికారం నాకు లేదు, ఇంటివాళ్లకి సలహా ఇచ్చే అధికారమూ లేదు. వెంటనే వెళ్లి డ్యూటీ నర్సుకి నేను చూసింది వరసగా చెప్పాను: రెండు రోజులుగా మాట తగ్గింది, ముద్ద బుగ్గలో నిలుస్తోంది, తాగాక గొంతు తడిగా వినిపిస్తోంది, సొరుగులో ఈ సీసా ఉంది. ఆవిడ వచ్చి ఊపిరి, ఆక్సిజన్, జ్వరం చూసి పీఏకి ఫోన్ చేశారు. ఆయన మధ్యాహ్నానికి వచ్చి పెద్దాయన ఛాతీ విన్నారు, ఎక్స్‌రే రాశారు, మింగడం పరీక్షించడానికి స్పీచ్ థెరపిస్టుని పిలిపించారు. తర్వాత నన్ను వెతుక్కుంటూ వచ్చి, "రోజూ నువ్వే కదా చూసేది, మొన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమిటో నీ మాటల్లో చెప్పు" అన్నారు. చెప్పాను. నర్సు పక్కనుంచి "ఈవిడ ఇండియాలో ఫార్మసిస్టు" అన్నారు. అప్పుడు ఆయన ఆ మందు గురించి నా అభిప్రాయం అడిగారు, దాన్నీ చెప్పాను. ఎక్స్‌రేలో న్యుమోనియా తేలింది. యాంటీబయాటిక్ మొదలైంది, సీసా ఇంటికి వెళ్లిపోయింది, ద్రవాలన్నీ చిక్కగా చేసి ఇవ్వడం మొదలుపెట్టాం. కొన్నాళ్లకి పెద్దాయన మళ్లీ ధర అడిగారు.

తెలిసినదాన్ని ఎవరికి, ఏ వరసలో, ఎంతవరకు చెప్పాలి అన్నది ఈ అప్లికేషన్ మొత్తంలో నన్ను అడుగడుగునా అడిగిన ప్రశ్న. స్టెతస్కోపు పట్టుకున్నవాళ్లు కూడా రోజూ ఎదుర్కొనే ప్రశ్న అదే. పీఏ వృత్తి నిలబడింది ఆ మాట మీదే అని నా అభిప్రాయం. తనకి తెలిసింది చేస్తూ, తెలియని చోట డాక్టర్‌ని అడుగుతూ, కిందివాళ్లు చూసింది వింటూ నడిచే పని అది. ఆ పీఏ తర్వాత సెలవు రోజుల్లో తన వెంట షాడోయింగ్‌కి, అంటే పక్కనుండి పని చూడటానికి రమ్మన్నారు. మూడు సిఫార్సు ఉత్తరాల్లో ఒకటి ఆయనది, ఒకటి ఆ నర్సుది, ఇంకొకటి మైక్రోబయాలజీ ప్రొఫెసర్‌ది. ఉత్తరం ఎవరిని అడగాలా అని ఆలోచించేవాళ్లకి నా సలహా ఒకటే. పెద్ద హోదా ఉన్నవాళ్లకంటే మీ పని కళ్లారా చూసినవాళ్లని అడగండి.

క్యాస్పా ఏటా ఏప్రిల్ నెలాఖరులో తెరుచుకుంటుంది. ఫీజు మొదటి స్కూలుకి 180 డాలర్ల పైచిలుకు, ఆ తర్వాత ఒక్కోదానికి 60 డాలర్ల పైచిలుకు. దాని మీద కొన్ని స్కూళ్లు వేరే సప్లిమెంటల్ ఫారం పంపి వేరే ఫీజు వసూలు చేస్తాయి. గుర్తింపు ఉన్న ప్రోగ్రాములు దేశంలో 300కి పైగా ఉన్నాయి. అన్నిటికీ అప్లై చేయాలన్న ఆశ వద్దు. నేను ముందు ఒక పట్టిక వేసుకున్నాను: విదేశీ డిగ్రీ ఒప్పుకుంటుందా, టోఫెల్ అడుగుతుందా, జీఆర్ఈ కావాలా, క్యాస్పర్ లాంటి పరీక్ష (ఒక సందర్భమిచ్చి ఏం చేస్తావని అడిగేది) ఉందా, ఏ వీసా వాళ్లని తీసుకుంటుంది. ఈ చివరి ప్రశ్న మనవాళ్లకి చాలా ముఖ్యం. చాలా స్కూళ్లు పౌరులనీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లనీ మాత్రమే తీసుకుంటాయి. మాకు అప్పటికి గ్రీన్‌కార్డు వచ్చింది కాబట్టి నా జాబితా కాస్త పొడుగ్గా ఉంది. హెచ్4 మీద (హెచ్1బీ ఉద్యోగుల భార్యాభర్తలకిచ్చే వీసా మీద) ఉన్నవాళ్లు ఒక్కో స్కూలుకి రాసి కనుక్కోవాలి. చాలా స్కూళ్లు వచ్చిన అప్లికేషన్లని వచ్చినట్టే చూసి ఇంటర్వ్యూలకి పిలుస్తాయి కాబట్టి, ఆఖరు తేదీ డిసెంబరులో ఉన్నా జూన్‌లోనే పంపేయడం మంచిది.

అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది వ్యాసానికి. ఖాళీలతో కలిపి 5000 అక్షరాలు, ఎందుకు పీఏ కావాలనుకుంటున్నావో చెప్పాలి. మనం స్కూల్లో రాసిన వ్యాసాలన్నీ పెద్ద మాటలతో మొదలై పెద్ద మాటలతో ముగుస్తాయి. ఇక్కడ చదివేవాళ్లకి అవి అక్కర్లేదు. నేను పొగాకు రైతు, బుగ్గలో నిలిచిన ముద్ద, సొరుగులో సీసా అన్నవాటి చుట్టూనే మొత్తం రాశాను. గుంటూరు ఫార్మసీని రెండు వాక్యాల్లో చెప్పి వదిలేశాను. డాక్టర్ ఎందుకు కాకూడదు, నర్సు ఎందుకు కాకూడదు అని చదివేవాళ్ల మనసులో వచ్చే ప్రశ్నకి జవాబు కూడా అందులోనే ఉండాలి. నా జవాబు ఇది: ఆ రోజు నర్సింగ్ హోమ్‌లో నర్సు, థెరపిస్టు ఎవరి పని వాళ్లు చేశారు. ఆ ముక్కలన్నీ ఒకచోట చేర్చి, పక్కన కూర్చుని విని, నిర్ణయం తీసుకున్న మనిషి పీఏ. నేను నిలబడాలనుకున్నది ఆ చోటులోనే.

అప్లికేషన్ పంపాక ఎదురుచూపులు మొదలవుతాయి. ట్రాన్స్‌క్రిప్టులు అందాయా, వెరిఫై అయిందా అని రోజూ లాగిన్ అయ్యి చూసేదాన్ని. ఆ నెలల్లో ఉన్న టెన్షన్ ఇంట్లో అందరికీ తెలుసు. తిరస్కారాలు వరసగా వచ్చాయి, అన్నీ ఒకే రకం మెయిళ్లు. ప్రతిసారీ బాధ వేసింది. మర్నాడు ఉదయం షిఫ్టుకి వెళ్లేదాన్ని, అక్కడ నా పని నాకోసం ఎదురుచూస్తూ ఉండేది.

ఆ తర్వాత ఇంటర్వ్యూలకి పిలుపులు వచ్చాయి. ఒకటి జూమ్‌లో ఎంఎంఐ పద్ధతిలో జరిగింది. అంటే వరసగా చిన్న చిన్న ఇంటర్వ్యూలు. ఒక సందర్భం చదవడానికి కొద్ది నిమిషాలిస్తారు, తర్వాత ఎదుటివాళ్లతో ఆ విషయం మాట్లాడాలి. అక్కడి ప్రశ్నలు బయటికి చెప్పనని సంతకం చేశాను కాబట్టి అవి రాయను. తయారీ మాత్రం చెప్పగలను. తోటి ఉద్యోగి పేషెంట్ గురించి తప్పుగా రికార్డు రాస్తే ఏం చేస్తావు, పేషెంట్ చికిత్స వద్దంటే ఏం చేస్తావు, ఇంటివాళ్లు జబ్బు సంగతి పేషెంట్‌కి చెప్పొద్దంటే ఏం చేస్తావు లాంటివి మా ఆయన గడియారం పెట్టి అడిగేవారు, నేను చెప్పేదాన్ని. ఆ చివరి ప్రశ్న మీద మేమిద్దరం ఒక రాత్రంతా మాట్లాడుకున్నాం. మన ఇళ్లల్లో క్యాన్సర్ వస్తే పెద్దవాళ్లకి చెప్పకుండా పిల్లలే మోస్తారు. మా మామయ్య విషయంలో మా ఆయనే అలా చేశారు. ఇక్కడి పద్ధతిలో తెలుసుకునే హక్కు పేషెంట్‌ది, ఎంత తెలుసుకోవాలో ముందు ఆ మనిషినే అడగాలి. అలాగని ప్రేమతో దాచే కుటుంబాన్ని దోషిగా నిలబెట్టడమూ సరి కాదు. రెండూ తెలిసిన మనిషిగా జవాబు చెప్పాలనుకున్నాను.

రెండో ఇంటర్వ్యూ క్యాంపస్‌లో, ముఖాముఖి. నా ఫార్మసీ నేపథ్యం చూసి ఒక ప్రొఫెసర్ సూటిగా అడిగారు: మందుల గురించి నీకు నీ సూపర్‌వైజర్‌కంటే ఎక్కువ తెలిసిన సందర్భం వస్తే ఏం చేస్తావు? నేను సీసా సంగతి చెప్పాను. చార్టు చూసి, నా అనుమానం ఆధారంతో సహా, పేషెంట్ ముందు కాకుండా విడిగా, ఆలస్యం చేయకుండా చెబుతానన్నాను. సూపర్‌వైజర్ ఒప్పుకోకపోతే కారణం అడుగుతానన్నాను. కారణం విన్నాక కూడా పేషెంట్‌కి ప్రమాదం ఉందనిపిస్తే ఫార్మసిస్టునీ పైవాళ్లనీ కలుపుకుంటానన్నాను, మౌనంగా ఉండనన్నాను. ప్రొఫెసర్ "మరి నీదే పొరపాటని తేలితే?" అన్నారు. అప్పుడు నేర్చుకుంటాను, కానీ అడిగినందుకు విచారించను అన్నాను. ఆ గదిలో నాకు భయం వేయలేదు. గుంటూరులో డాక్టర్లకి ఫోన్ చేసి డోసు గురించి మాట్లాడిన ఏళ్లు, సీఎన్ఏగా నర్సుకి వరసగా చెప్పడం నేర్చుకున్న నెలలు రెండూ ఆ జవాబులో కలిసొచ్చాయి.

జూమ్ స్కూలు నన్ను వెయిట్‌లిస్టులో పెట్టింది. రెండో చోటునుంచి ఫోన్ వచ్చింది. నేను అప్పుడు షిఫ్టు ముగించుకుని కారులో ఉన్నాను. సీటు ఇస్తున్నామని చెప్పారు. ఇంటికెళ్లి అమ్మకి ఫోన్ చేస్తే మొదట ఏడ్చింది, తర్వాత "మీ అత్తగారికి ఇవ్వు ఫోను" అంది. వాళ్లిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

సంతోషం వెంటే డబ్బు లెక్క వస్తుంది. సీటు నిలుపుకోవడానికి డిపాజిట్ కట్టాలి, అది తిరిగి రాదు. మొత్తం ట్యూషన్ చాలా స్కూళ్లలో లక్ష డాలర్ల చుట్టుపక్కల, కొన్నిచోట్ల ఇంకా పైన. చదువు సాగుతున్నంతకాలం ఉద్యోగం చేయడానికి దాదాపు వీలుండదు. అప్పు మీద చదవాలనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. ఇన్నాళ్లూ ట్యూషన్, ఖర్చులు మొత్తం తీరేలా ఇచ్చిన ఫెడరల్ గ్రాడ్ ప్లస్ లోను 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకి లేకుండా 2025లో చట్టం మారింది. మేము కొంత దాచుకున్నది, ఆయన జీతం చూసుకుని ముందుకెళ్తున్నాం. అందరికీ ఆ వీలు ఉండదని తెలుసు. అందుకే స్కూళ్ల జాబితా వేసేటప్పుడే రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల ఫీజులు ముందు చూడమంటాను.

ఈమధ్య మన వైపునుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి. మన దేశంలో ఈ కోర్సు 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో డాక్టర్ కె.ఎం. చెరియన్ చొరవతో మొదలైంది. ఇప్పుడు బీఎస్సీ ఫిజీషియన్ అసిస్టెంట్ చాలాచోట్ల ఉంది. ఆ డిగ్రీతో అమెరికా వచ్చి నేరుగా పీఏగా పనిచేయవచ్చా అని అడుగుతారు. కుదరదు. ఇక్కడి లైసెన్సుకి అవసరమైన ప్యాన్స్ పరీక్ష రాయడానికి ఏఆర్‌సీ-పీఏ గుర్తింపు ఉన్న ప్రోగ్రాములో చదివినవాళ్లకే అర్హత. ఎంబీబీఎస్ చేసినవాళ్లకైనా ఇదే నియమం. ఏజెంట్లు ఇంకోలా చెబితే నమ్మి డబ్బు కట్టకండి. అక్కడ చదివిన చదువు వృథా కాదు, మంచి ఆసుపత్రుల్లో పని ఉంది, కానీ ఇక్కడికి అది నేరుగా తలుపు తీయదు.

సీటు ఖాయమయ్యాక కూడా ఒక పొడుగాటి జాబితా వస్తుంది. నేర చరిత్ర తనిఖీ, డ్రగ్ టెస్టు, సీపీఆర్ సర్టిఫికెట్, టీకాల రుజువు. మనలాంటివాళ్ల చిన్నప్పటి టీకా కార్డులు దొరకవు కాబట్టి తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా, ఆటలమ్మ, హెపటైటిస్ బీలకి రక్తంలో రోగనిరోధక శక్తి ఉందో లేదో చూసే టైటర్ పరీక్ష చేయించాలి. హెపటైటిస్ బీకి మళ్లీ టీకా వేయించుకోవాల్సి వస్తే మూడు డోసుల పద్ధతిలో ఆరు నెలలు పడుతుంది, సీటు రాగానే ఈ పరీక్ష ముందు చేయించండి. క్షయ పరీక్ష దగ్గర ఇంకో జాగ్రత్త. మన భుజం మీద బీసీజీ మచ్చ ఉంటుంది, దానివల్ల చర్మం మీద చేసే పరీక్ష జబ్బు లేకపోయినా పాజిటివ్ చూపించవచ్చు. అందుకని నేను ముందే అడిగి క్వాంటిఫెరాన్ రక్త పరీక్ష చేయించుకున్నాను, అది నెగటివ్ వచ్చింది, ఛాతీ ఎక్స్‌రే దాకా వెళ్లాల్సిన పని పడలేదు. జనవరిలో క్లాసులు మొదలవుతాయి.